ఎనిమిది ప్రశ్నార్థకాలు

అంతర్జాల సంస్థలు కనెక్షనుతో పాటు ఒక సీడీ ఇచ్చే కాలం ఒకటి ఉండేది. దాన్ని కంప్యూటరులో పెట్టి, అడిగిన చోటల్లా 'సరే' అని నొక్కుకుంటూ పోతే చివరికి కనెక్షను వచ్చేది. మనం అడగనివి మరికొన్ని కూడా దాని వెంట వచ్చేవి. బ్రౌజరు తెరిస్తే ఆ సంస్థవారి పేజీ, పైన వారి చిహ్నం, మెయిలు ప్రోగ్రాములో వారిచ్చిన కొత్త చిరునామా. ఇల్లు చేరడానికి బాట వేయమని పిలిస్తే, బాట వేసి, తలుపులు కూడా మార్చి వెళ్లినట్టుండేది వ్యవహారం.

సీడీలు పోయి చాలాకాలమైంది గదా, ఇప్పుడెందుకీ ప్రస్తావన అని మీరు అడగవచ్చు. సీడీ పోయింది గాని అలవాటు పోలేదు. అందులోనూ ఈ విషయంలో నాదొక తప్పు ఉంది. అది ఇన్నేళ్లుగా ఎక్కడా రాయలేదు.

మా మేనమామది కొడకండ్ల. అప్పుడది వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు జనగామ జిల్లాలో చేరింది. మామయ్య తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. కొడుకు డాలస్‌లో ఉద్యోగం. 2004లో సెలవుకు వచ్చినప్పుడు తండ్రికి ఒక కంప్యూటరు కొనిపెట్టి, మిగిలిన పని నాకు అప్పగించి వెళ్లాడు. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఉండేది, కాని దాక్కుని ఉండేది. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, సంక్లిష్ట లిపులకు అనుమతి ఇచ్చి, మళ్లీ విండోస్ సీడీ పెడితే తప్ప బయటికి వచ్చేది కాదు. అదంతా చేసి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమర్చి, మీటల మీద తెలుగు అక్షరాలు రాసిన చిన్న కాగితాలు అంటించాను. అచ్చులన్నీ ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉండటం చూసి మామయ్య సంబరపడ్డారు. "ఇది వ్యాకరణం ఎరిగినోడు చేసిన పనిరా" అన్నారు. నెల తిరగకుండా ఆయనకు చెయ్యి కుదిరింది. చదవడానికి దేశికాచార్యులుగారి పోతన ఖతి పెట్టాను. బమ్మెర వారికి పక్క మండలమే. తమ ఇలాకా కవి పేరుమీద కంప్యూటరులో అక్షరాలున్నాయని ఆయన ఇంటికొచ్చిన ప్రతివారికీ చూపించేవారు.

డయలప్ రోజులవి. అంతర్జాలంలో ఉన్నంతసేపూ ఇంటి ఫోను పనిచేయదు, మీటరు మాత్రం తిరుగుతుంది. కాబట్టి బ్రౌజరులో కూర్చుని ఉత్తరాలు రాసే ఆలోచనే లేదు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరిచి, కనెక్షను లేకుండానే తీరిగ్గా రాసుకోవాలి. రాసిన ఉత్తరం 'పోవలసినవి' పెట్టెలో పడి ఉంటుంది. రాత్రి ఎప్పుడో ఫోను కలిపి, ఒక్క మీట నొక్కితే వెళ్లవలసినవి వెళ్తాయి, రావలసినవి వస్తాయి, వెంటనే ఫోను పెట్టేయాలి. కరెంటు ఉండాలి, ఫోనులో గరగర లేకుండా ఉండాలి. ఇవన్నీ కూడి వచ్చిన రాత్రి కొడకండ్ల నుంచి డాలస్‌కు ఉత్తరం వెళ్లేది.

2006 వానాకాలంలో మామయ్య సంస్థ మార్చారు. పాతది గంటల లెక్కన ఎక్కువ తీసుకుంటున్నదని ఎవరో చెప్పారు. కొత్త సంస్థ పేరు ఇక్కడ అక్కరలేదు; ఆ రోజుల్లో అందరి సీడీలూ ఇంచుమించు ఒక్క తీరుగానే ఉండేవి. ఒక కుర్రవాడు వచ్చి, సీడీ పెట్టి, అరగంటలో పని ముగించి, చాయ తాగి వెళ్లాడు. పాత చిరునామా కూడా ఉండాలని మామయ్య పట్టుబడితే, ఆయన నోటుపుస్తకంలో నేను రాసిపెట్టిన వివరాలు చూసి అవి కూడా ఎక్కించాడు. ఆ మేరకు మంచివాడే.

పది రోజులకు నాకు ఫోను వచ్చింది.

"అల్లుడా, ఉత్తరాలు వస్తున్నయి గాని పోతలేవు. పాతయి గూడ కండ్లవడ్తలేవు."

కనెక్షను మార్చుకున్న వారందరికీ ఎదురైన చిక్కు ఇది. కారణం తెలిస్తే చిన్నదే. వచ్చే ఉత్తరానిది ఒక దారి, పోయే ఉత్తరానిది మరొక దారి. వచ్చిన ఉత్తరాలు ఇచ్చే సర్వరు మన పేరూ సంకేతపదమూ అడుగుతుంది. అవి సరిపోతే, మనం ఎవరి ఫోను తీగమీద వచ్చినా మన ఉత్తరాలు మనకు ఇచ్చేస్తుంది. పోయే ఉత్తరాల సర్వరు సంగతి అట్లా కాదు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఎస్.ఎం.టి.పి. నియమాలను రాసినప్పుడు అంతర్జాలం చిన్న ఊరువంటిది. ఎవరు ఉత్తరం తెచ్చినా తీసుకుని ముందుకు పంపేవారు, నువ్వెవరని అడిగేవారు కాదు. 1990ల్లో వ్యాపార ప్రకటనలవాళ్లు ఆ మంచితనాన్ని వాడుకుని లక్షల కొద్దీ చెత్త ఉత్తరాలు పంపేసరికి, సర్వర్ల యజమానులు ఒక అడ్డు పెట్టారు: మా తీగమీద వచ్చినవారి ఉత్తరాలే తీసుకుంటాం, ఇతరులవి తీసుకోం. పోయే ఉత్తరానికి కూడా సంకేతపదం అడిగే పద్ధతి 1999లోనే ప్రమాణంగా వచ్చింది. దానికోసం 587 అని ఒక వేరే ద్వారం అంతకు ముందే, 1998 చివర నిర్ణయించారు. కాని నిర్ణయించినంత మాత్రాన సంస్థలు అమలు చేయాలని ఎక్కడుంది? మామయ్య పాత సంస్థ చేయలేదు. ఆయన ఇప్పుడు కొత్తవారి తీగమీద వచ్చి పాతవారి సర్వరుకు ఉత్తరం అందిస్తున్నారు. అది 550 అనే అంకె చూపించి వెనక్కి తిప్పుతున్నది.

హైదరాబాదు నుంచి శనివారం రైలెక్కి జనగామలో దిగి, బస్సులో కొడకండ్ల చేరాను. ఈ సంగతి అప్పటికే ఊహించాను కాబట్టి పని పది నిమిషాల్లో అయిపోయింది. పోయే ఉత్తరాల సర్వరు దగ్గర పాత సంస్థ పేరు తీసి కొత్త సంస్థ పేరు రాశాను. ఫోను కలిపాను. మీట నొక్కాను. పోవలసిన పెట్టెలో పదకొండు ఉత్తరాలున్నాయి. నీలంగీత నిండుతూ పోయింది, పదకొండూ వెళ్లిపోయాయి. మామయ్య నా భుజం తట్టారు. అత్తయ్య పకోడీలు వేసింది. పాత ఉత్తరాలు కనబడని సంగతి పొద్దున చూద్దామనుకుని పడుకున్నాను.

తెల్లవారుతుండగా డాలస్ నుంచి ఫోను. నేనే తీశాను.

"బావా, బాపు ఏం పంపిండు? పదకొండు మెయిళ్లు వచ్చినయ్. అన్నీ ప్రశ్న గుర్తులే."

ఆ పదకొండు ఉత్తరాల్లో ఏముందో అప్పటికి నాకు తెలియదు. మామయ్య తండ్రి నేతపని చేసేవారు. మా ప్రాంతపు నేతకారులు చాలామందిలాగే ఆయనా షోలాపూరు వెళ్లి, మిల్లులో చేసి, తిరిగి వచ్చారు. ఆ తాత కథ రాసి పంపమని మనవడు ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. ఆ వానల్లో మామయ్య రాయడం మొదలుపెట్టారు. రోజుకొక ఉత్తరం. ముందు కాగితం మీద రాసుకోలేదు, నేరుగా కీబోర్డు మీదనే. ఉత్తరాలు ఆగిపోయాయని తెలిసినా రాయడం ఆపలేదు. అల్లుడు వచ్చి పంపుతాడు గదా అనుకున్నారు.

అల్లుడు వచ్చి పంపాడు. ఒక్క ఉత్తరమైనా తెరిచి చూడకుండా పంపాడు.

పొద్దున కూర్చుని వెతికితే తెలిసింది. ఆ కుర్రవాడు ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో పాత అమరికను ముట్టుకోవడం ఎందుకనుకున్నాడో ఏమో, ఒక కొత్త 'ఐడెంటిటీ' తెరిచాడు. అంటే ఒకే కంప్యూటరులో ఇద్దరు మనుషులు వేర్వేరుగా ఉత్తరాలు రాసుకునేందుకు పెట్టిన ఏర్పాటు. పాత ఉత్తరాలు ఎక్కడికీ పోలేదు. ఫైల్ మెనూలో ఐడెంటిటీ మార్చగానే రెండేళ్ల ఉత్తరాలూ వరుసగా ప్రత్యక్షమయ్యాయి. కాని కొత్త ఐడెంటిటీలో నేను చేసిన అమరికలేవీ లేవు. పోతన ఖతి లేదు. పంపే ఉత్తరం యూనికోడ్‌లో ఉండాలన్న ఆజ్ఞ లేదు; దాని స్థానంలో పశ్చిమ యూరోపు అక్షరాల పట్టిక ఉంది. ఆ పట్టికలో తెలుగు లేదు. లేనప్పుడు ప్రోగ్రాము ఊరికే ఉండదు, అడుగుతుంది: ఈ ఉత్తరంలో పట్టికలో లేని అక్షరాలున్నాయి, యూనికోడ్‌గా పంపమంటారా, లేక ఉన్నది ఉన్నట్టు పంపమంటారా?

మామయ్యకు ఇంగ్లీషు బాగానే వచ్చు. పదకొండు సార్లూ ఆ ప్రశ్న చదివి, పదకొండు సార్లూ రెండోదే నొక్కారు. "ఉన్నది ఉన్నట్టు పంపుమంటే తప్పేమున్నదిరా?" అని నన్ను అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. ఉన్నది ఉన్నట్టు పంపమంటే ఉన్నదంతా తుడిచి పంపే యంత్రానికి ఏ భాషలో అర్థం చెప్పాలి?

తెలుగు తెరమీద చెడిపోయే తీరులు మూడు. ఈ మూడింటికీ తేడా తెలియక చాలామంది బతికున్నదాన్ని పారేసి చచ్చినదానికి వైద్యం చేస్తారు. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే భయం లేదు, అక్షరం లోపల భద్రంగా ఉంది, ఖతి లేదంతే. తలమీద వాలుగీత ఉన్న యూరోపు 'ఎ', దాని పక్కన ఉష్ణోగ్రతకు వేసే చిన్న సున్న, మళ్లీ వాలుగీత 'ఎ' — ఇట్లా బారులు తీరి కనిపిస్తే అదీ ప్రాణంతోనే ఉన్నట్టు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లుగా ప్రయాణిస్తుంది, ఆ మూడింటినీ విడివిడిగా చదవడం వల్ల వచ్చిన వికారమది, ఎన్‌కోడింగ్ మార్చితే సర్దుకుంటుంది. ప్రశ్నార్థకాలు మాత్రం వేరు. అక్షరం ఎక్కడా దాగి లేదు. దాని స్థానంలో నిజంగానే ఒక ప్రశ్నార్థకం రాసి ఉంది. పెట్టెలో ఉన్న నకలులోనూ అదే, డాలస్‌లో ఉన్నదానిలోనూ అదే. పంపు అని నొక్కిన క్షణానే అవి పోయాయి. నేను రాకముందే పోయాయి. నా తప్పువల్ల పోలేదని దీన్నిబట్టి నన్ను నేను సమాధానపరచుకోవచ్చు. కాని మొదటి ఫోను రాగానే "మామయ్యా, ఇంక రాయకండి, ఆ పెట్టెలో ఒకటి తెరిచి చూడండి" అని ఉంటే, మొదటివి పోయినా చివరివి మిగిలేవి. ఉత్తరం దారి గురించి ఆలోచించాను, ఉత్తరం గురించి ఆలోచించలేదు.

ఆ సీడీమీద నా అభియోగం కూడా ఇదే. డయలప్ కనెక్షనుకు కావలసినవి మూడు: ఒక ఫోను నంబరు, ఒక పేరు, ఒక సంకేతపదం. ఈ మూడూ ఒక చీటీమీద రాసి ఇస్తే చాలు. కలపడానికి కావలసినది విండోస్‌లోనే ఉంది. సీడీ ఏ అవసరమూ తీర్చదని కాదు నేననేది. వి.ఎస్.ఎన్.ఎల్. 1995 ఆగస్టు 15న సామాన్యులకు అంతర్జాలం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, కలుపుకోవడం ఎంత తలనొప్పో ఆనాటివారికి తెలుసు. కొడకండ్లవంటి చోట ఆ చీటీ చూసి అమరిక చేసుకోగలవారు 2006లోనూ ఎందరున్నారు? ఆ కుర్రవాడే లేకపోతే మామయ్యకు కనెక్షనే లేదు. సీడీ సౌకర్యమే. కాని ఆ సౌకర్యం ఎవరి పని చూసుకున్నదో గమనించండి. కనెక్షను కలపడంతో ఆగితే మన పని. తన చిరునామాను ముందుకు తోసి, తన పేజీని తెరమీద నిలిపి, ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోవడం కష్టమయ్యేట్టు చేయడం ఆ సంస్థ పని. రెండింటినీ ఒకే 'సరే' మీటలో కలిపి ఇవ్వడమే నాకు నచ్చనిది.

మా మిత్రుడొకరి ఇంట్లో ఇంకో రకం చూశాను. సీడీతో వచ్చిన వైరస్ కాపలా ప్రోగ్రాము ఉత్తరాలన్నీ తన చేతిమీదుగా పోవాలని సర్వరు పేరు చెరిపి, అక్కడ 127.0.0.1 అని రాసుకుంది. అది మన కంప్యూటరు సొంత చిరునామా. గడువు తీరాక ఆ కాపలాదారును తీసేశారు. పోతూ పోతూ అది పాత పేరు తిరిగి రాయలేదు. పాపం ఆ మెయిలు ప్రోగ్రాము నెల రోజులు తన ఇంటి తలుపు తానే కొట్టుకుంటూ ఎవరూ పలకడం లేదని చెబుతూనే ఉంది.

చిరునామా విషయం ఇంతకంటే పెద్దది. మన దేశంలో మొబైలు కంపెనీ మారినా నంబరు మన వెంటే వచ్చే హక్కు 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా వచ్చింది. దానికి ముందు నంబరు పోతుందన్న భయంతోనే ఎంతమంది నచ్చని కంపెనీకి అంటిపెట్టుకుని ఉన్నారో మనకు తెలుసు. మెయిలు చిరునామాకు అటువంటి హక్కు ఏనాడూ రాలేదు. చిరునామాలో సగభాగం సంస్థ పేరే కాబట్టి రావడం కష్టం కూడా. మామయ్య పాత సంస్థ కొన్నేళ్లకు ఆ సేవ మూసేసింది. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు ఎందరో రాసే చిరునామా అది. వారు రాసినవి ఎటు పోయాయో తెలియదు. అందుకే దారి ఇచ్చేవాడి దగ్గర చిరునామా తీసుకోవద్దని నేను ఆనాటి నుంచీ అందరితో అంటున్నాను. వీలుంటే ఏటా కొంత కట్టి సొంత డొమైను పేరు తీసుకోండి, సంస్థలు మారినా చిరునామా మారదు. లేకపోతే కనీసం కనెక్షనుతో సంబంధం లేని చోట పెట్టుకోండి.

ఇప్పటి సంగతి చూస్తే, సీడీ లేదు, డయలప్ లేదు, ఫైబరు తీగ వచ్చి ఒక డబ్బాలో ముగుస్తుంది, కంప్యూటరులో ఏమీ ఎక్కించనక్కరలేదు. ఆ మేరకు నా పాత కోరిక తీరింది. కాని మనం అడగని మార్పు వేరే గుమ్మంలోంచి వస్తున్నది. 2024 చివరితో మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని మెయిల్ ప్రోగ్రాముకు మద్దతు ఆపి, కొత్త ఔట్‌లుక్‌ను దాని స్థానంలో నిలిపింది. అందులో ఇతర సంస్థ ఖాతా చేర్చితే ఆ ఉత్తరాల నకలు మైక్రోసాఫ్ట్ సర్వర్లకు చేరుతుంది. ఆ మాట తెరమీద చెబుతారు, నిజమే. మామయ్యకు కూడా పదకొండు సార్లు చెప్పారు గదా! గూగుల్ 2022 మే 30 నుంచి ఖాతా సంకేతపదం ఒక్కటే ఇచ్చి లోపలికి వచ్చే పాత ప్రోగ్రాములను ఆపింది. ఇది భద్రత కోసం చేసిన పని, నేను తప్పుపట్టను. కాని ఆ వారంలో నాకు వచ్చిన ఫోన్లలో వినబడిన గొంతు 2006 నాటిదే. నిన్నటిదాకా వచ్చినవి ఇవాళ రావడం లేదు, నేనేం తప్పు చేశాను? మీరేం తప్పు చేయలేదని వారికి చెప్పేవాడు ఆ తెరమీద ఎక్కడా ఉండడు.

ఇప్పుడు నేను ఎవరింట్లో ఏ అమరిక మార్చబోయినా, ముందు పాతవన్నీ కాగితం మీద రాసుకుంటాను, ఉత్తరాల నకలు ఒకటి బయట తీసి పెడతాను, నాకు నేనే ఒక తెలుగు ఉత్తరం పంపుకుని తెరిచి చదువుతాను. మూడోది చేసేటప్పుడు జనం నన్ను చూసి నవ్వుతారు.

ఆ పదకొండు ఉత్తరాలు మళ్లీ రాయమని కొడుకు ఎన్నోసార్లు అడిగాడు. మామయ్య ఒప్పుకోలేదు. "రెండోసారి రాస్తే అది ఉత్తరం గాదురా, నకలు" అన్నారు. మరి ఏం తోచిందో, ఆ ప్రశ్నార్థకాలనే అచ్చు తీసి ఇమ్మన్నారు. హైదరాబాదులో ప్రింటు తీయించి తీసుకెళ్లి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పుటమీద వేలు ఆన్చి లెక్కపెట్టారు. "ఎనిమిది. చిరంజీవి. కాని నాలుగక్షరాల మాట గదా, ఎనిమిదెందుకున్నయి?" చకారం ఒకటి, గుడి ఒకటి, రకారం, సున్న, జకారం, దాని గుడిదీర్ఘం, వకారం, మళ్లీ గుడి అని చెప్పాను. గుణింతాన్ని విడదీసి లెక్క కట్టిందన్నమాట అని తల ఊపారు. పదకొండు ఉత్తరాలూ ఆ ఎనిమిది గుర్తులతోనే మొదలయ్యాయి.

ఇంకొకటి అప్పుడే గమనించాం. అంకెలు పోలేదు. ఖాళీలు, చుక్కలు, కామాలు కూడా ఉన్నాయి. అవి యూరోపు పట్టికలోనూ ఉంటాయి కాబట్టి మిగిలాయి. ప్రశ్నార్థకాల నడుమ అక్కడక్కడ ఒక సంవత్సరం, ఒక సంఖ్య. మామయ్య 1953 మీద వేలు పెట్టి, బాపు షోలాపూరు పోయిన ఏడాది అన్నారు. ఆ తర్వాతి 14 ఆయనతో పాటు ఊరినుంచి వెళ్లినవారట. 3 అన్నది అక్కడ అద్దెకున్న గదిలో కిటికీల సంఖ్య. ఆ మధ్యాహ్నం ఆయన అంకెలు పట్టుకుని చెబుతూ పోతుంటే నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. నాలుగో ఉత్తరం చివర, ఒక పొడుగు వాక్యం మధ్యలో 27 అని ఉంది. దాని దగ్గర వేలు చాలాసేపు ఆగింది. ముందు మాటకు ఐదు గుర్తులు, తర్వాతి మాటకు తొమ్మిది. రెండూ మళ్లీ మళ్లీ లెక్కపెట్టి చూశారు. చీకటి పడి అత్తయ్య దీపం వేసేదాకా కూర్చున్నాం గాని, ఆ 27 ఏమిటో ఆయనకు గుర్తు రాలేదు.